మా ఆయన మీద పడిన నింద నాది

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! ఈ మాటలు చెప్పడానికి నిలబడితే ఇప్పటికీ నా తల పైకి లేవదు, అయినా నాలాంటిదాన్ని బ్రతికించిన దేవునికే మహిమ రావాలని చెబుతున్నాను.

నా పేరు సుగుణ, మాది కుందారపల్లి. మా ఆయన రత్నం బర్గూరు దగ్గర గ్రానైట్ క్వారీలో మిషను నడిపేవారు. తొంభైల్లో, మా పెళ్ళయిన కొత్తలోనే ఆయన తాగుడుకు బానిసయ్యారు, పనికి పోకుండా ఎక్కడెక్కడో పడిపోయేవారు, నేను సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పుతూ, సంఘంలోని స్త్రీలతో కలిసి ఆయన కోసం ఉపవాసముండి ఏడ్చి ప్రార్థించేదాన్ని, ఎంత ఓర్పుగల ఇల్లాలో అని అందరూ నన్ను మెచ్చుకునేవారు.

ఆయన దాచుకున్న సీసాలు వెతికి పారబోయడం కూడా నా పనే. ఒకరోజు మనసు నలిగిపోయి, దీనిలో ఏముందని ఈ మనిషి నన్ను వదిలేశాడు అనుకుంటూ నేనే రెండు గుక్కలు తాగాను. గొంతంతా మంట, ఆ వెనకే నిద్ర! పెళ్ళయినప్పటి నుంచి ఎరుగని నిద్ర! ఆ నిద్ర కోసం మళ్ళీ తాగాను, తర్వాత పారబోయడం మానేసి కట్టెల చాటున దాచుకోవడం మొదలుపెట్టాను. ఉదయం మోకాళ్ళ మీద ఆయన కోసం ప్రార్థన, మధ్యాహ్నం ఆయన సీసాతో నేను! దేవా, నన్నెలా సహించావో!

రెండువేల సంవత్సరం దాటాక, ఒక లారీ డ్రైవరు మా ఆయనను హోసూరులో ఒక కూటానికి తీసుకెళ్ళారు. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఆదివారం సాయంత్రం ఒక బడిగదిలో కూర్చుని, ఎవరి కథ వాళ్ళు దాచకుండా చెప్పుకునే చోటు అది. మా ఆయన విడవకుండా వెళ్ళారు, తాగుడు మానేశారు! సంఘంలో నిలబడి, "నా భార్య ప్రార్థనే నన్ను నిలబెట్టింది" అని సాక్ష్యం చెబితే అందరూ హల్లెలూయా అన్నారు. నేను మాత్రం వాసన రాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఇంట్లో ఇక సీసాలు లేవు, నాకేమో అది లేకుండా నిద్ర పట్టేది కాదు. అప్పుడు, సహోదరులారా, చెప్పడానికి నోరు రాని పని చేశాను. పక్కింటి ముసలామెను పిలిచి, "మా ఆయనకు ఒళ్ళు నొప్పులంట, బ్రాందీ తెప్పించి పెట్టవ్వా" అని చెప్పి తెప్పించుకున్నాను. ఆ మాట ఊరంతా పాకింది. రత్నం మళ్ళీ మొదలుపెట్టాడన్నారు. మా సంఘకాపరి అయ్యగారు ఆయనను సంఘ పెద్దల ముందు నిలబెట్టి అడిగితే, ఆయన తాగలేదని మొత్తుకుని, నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పు సుగుణా, నేను తాగినానా?" అన్నారు. నేను తల దించుకున్నాను. నా మౌనం చూసి అందరూ నిజమే అనుకున్నారు. ఆయనను రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్లకు దూరంగా ఉంచారు.

ఆ ఆదివారం సాయంత్రం మా ఆయన, "నాతో నువ్వూ రా, ఒక్కణ్ణే పోలేను" అని నన్ను హోసూరుకు తీసుకెళ్ళారు. గది నిండా మగవాళ్ళే. మా ఆయన లేచి, "నేను తాగలేదప్పా, ఎవరూ నమ్మలేదు. ఇంత నింద పడేదానికి, తాగేసేదే మేలు" అని పసిబిడ్డలా ఏడ్చారు.

"ప్రభువా, ఈయనను మళ్ళీ గోతిలోకి తోస్తున్నది నేనే, నా నోరు తెరువు" అని లోపలే మొరపెట్టుకున్నాను. ఎలా లేచానో తెలియదు. "ఆయన తాగలేదు. తాగేది నేను" అన్నాను.

మా ఆయన నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోలేను. కూటాన్ని నడిపే పెద్దాయన, మునియప్ప అనే రైతు, మన విశ్వాసి కూడా కాదు, నెమ్మదిగా, "కూర్చోమ్మా. మేమందరం ఇట్లనే వచ్చినాము ఈడికి. ఉన్నట్టుండి ఆపితే ఒళ్ళు తట్టుకోదు, ముందు డాక్టరు దగ్గరికి పో, మళ్ళీ వారం రా" అన్నారు. ఆ మాటలో నా దేవుని స్వరం విన్నాను!

తిరుగు బస్సులో మా ఆయన వేరే సీట్లో కూర్చున్నారు. ఊళ్ళో దిగాక, "పెద్దల ముందర నేను అడిగినప్పుడన్నా నోరు తెరవలేదే నువ్వు!" అన్నారు. నేను ఆయన కాళ్ళ మీద పడ్డాను. ఆయన వంగి నా భుజం పట్టుకుని, "లెయ్యి. నేను తాగి పడిపోయిన కాలంలో నువ్వు ఇడిసిపెట్టి పోలేదు కదా. నేను మాత్రం యాడికి పోతాను?" అన్నారు.

మరుసటి ఆదివారం సంఘమంతటి ముందు నిజం ఒప్పుకున్నాను. అయ్యగారు అందరూ చూస్తుండగా మా ఆయన చేతులు పట్టుకుని క్షమించమన్నారు. నన్ను సండే స్కూలు నుంచి తీసేశారు, అది న్యాయమే. కొందరు అక్కలు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు. వైద్యం చేయించుకున్నాను, మధ్యలో ఒకసారి జారిపోయి మళ్ళీ తాగాను, అదీ కూటంలో చెప్పుకుని ఏడ్చాను, ఎవరూ వెళ్ళగొట్టలేదు. ప్రభువు కృపవల్ల ఇప్పుడు ముట్టడం లేదు. ప్రతి వారం మేమిద్దరం ఒకే బస్సులో, ఒకే సీట్లో హోసూరుకు వెళ్తున్నాము.

కొంగు చాటున నాలాగే ఏడుస్తున్న అక్కా, చెల్లీ, ఈ మాటలు వినేవాళ్ళలో నువ్వుంటే, సిగ్గు పోయాక వద్దామని ఆగకు. నా సిగ్గు నాకింకా పోలేదమ్మా! ఆ సిగ్గుతోనే నన్ను చేర్చుకున్న యేసయ్య నిన్నూ చేర్చుకుంటాడు. ఆయనకే స్తోత్రం. ఆ కూటానికి నువ్వు ఒక్కదానివే వెళ్ళలేకపోతే చెప్పు, నీ పక్కన నేను కూర్చుంటాను.