క్రిసాంతో చేతి తూకం

ఫిలిప్పీన్స్‌లోని సెబు విమానాశ్రయపు సరుకుల గోదాములో క్రిసాంతో ప్రతి పెట్టెనూ రొమ్ముకి ఆనించుకుని ఒకసారి ఊపిగానీ తూకానికి పెట్టడు. ఆ ఉదయం ఎండు మామిడి పెట్టె ఊగిన తీరు అతనికి నచ్చలేదు. “నమ్మకమైన కంపెనీ సీలుంటే తెరవకూడదు బాబాయ్, కొత్త రూలు. నీ చెయ్యేమన్నా ఎక్స్‌రేనా?” అంది సూపర్‌వైజర్ మారిసెల్. “మామిడి ముక్కలు ఇలా ఓ పక్కకి జారవమ్మా,” అంటూ సీలు తెంపాడు. పైన మామిడి, అడుగున ఉబ్బిపోయిన ఫోను బ్యాటరీలు. విమానం గాల్లో ఉండగా అంటుకునే సరుకు.

రూలు తప్పినందుకు అతన్ని ఊడ్చే పనిలో వేశారు. నెల తిరక్కుండా, భద్రతా శిక్షణకి వచ్చినవాళ్లకి మారిసెల్ ఆ పెట్టె ఫొటో చూపించి, “మన కొత్త ఎక్స్‌రే యంత్రం పట్టుకుంది,” అంది. వెనక కుర్చీలు సర్దుతున్న క్రిసాంతో, చేతిలోని ఖాళీ కుర్చీని రొమ్ముకి ఆనించుకుని, ఒకసారి ఊపి, కింద పెట్టాడు.