కుందేటి కొమ్ములు పూసిన వారం

శాలిబండల మా ఇంటెనుక బర్ల కొట్టం, దాని పక్కన చిన్న డాబా. బర్లు అన్నయి, పాలు అమ్ముతడు. డాబా మీద మొక్కలు నాయి. అన్నకు కోపమొస్తే చేతికి ఏది దొరికితే దాంతోటి కొడ్తడు. నాకు నలభై ఏండ్లు దాటినా కొట్టుడు ఆపలే.

బార్కస్ అవతల గుట్ట తవ్వి ప్లాట్లు చేస్తుంటే, రాళ్ల సందుల కనిపించింది ఆ మొక్క. కుందేటి కొమ్ములంటరు. ఆకు లేదు. నాలుగంచుల కాడలే, బూడిద రంగుల. జేసీబీ కిందికి పోకముందే రెండు కుదుర్లు పీక్కొచ్చిన. రోజూ నీళ్లు పోసి ఒకదాన్ని కుళ్లబెట్టిన. రెండోది వాడిపోతుంటే బార్కస్‌ల మూలికలమ్మే పెద్దాయనకు చూపించిన.

నీళ్లు తాపి తాపి సంపినవని ఆయన నన్ను తిట్టిండు. "పానీ పిలాకే మార్ డాలా రే!"

"మరి ఎప్పుడు పొయ్యాలె చాచా?"

"కాడ మీద ముడుతలు పడనియ్యి. గప్పుడు ఒక్క గ్లాసు."

ఇటుక ముక్కలు, ఇసుక కలిపి నాటిన. వానల్ల రేకు కప్పిన. మూడేండ్లకు ఎనిమిది కుండీలైనయి. ఆ యేడు వానలు తగ్గినంక కాడల కొసలకు గుండ్రంగ, కార్జం లెక్క ముదురెరుపు రంగుల పూలు పూసినయి. చచ్చిన ఎలుక కంపు. ఈగలు ముసిరినయి. నాకు మాత్రం మస్తు సంబురం.

నాలుగోరోజు పొద్దుగాల అన్న పార పట్టుకొని డాబా ఎక్కిండు.

"పాలల్ల ఏం చచ్చిందని అడుగుతున్నరు జనాలు! ఏందిరా ఈ కంపు?"

"పువ్వన్నా. ఈగలు వాలితేనే దానికి కాయ పడ్తది. ఇంకో నాల్గు రోజులు ఆగు."

ఆగలే. ఒక్కొక్క కుండీ పగలగొట్టిండు. కాడలను చెప్పు కాలుతోటి నలిపిండు. అడ్డం పోతే పార తిప్పి కట్టెతోటి నా భుజం మీద ఏసిండు. గోడకు ఆనిచ్చిన ఇనుప రాడ్ నా చేతికొచ్చింది. అన్న కుడిచెయ్యి మీద కొట్టిన. బొక్క ఇరిగిన చప్పుడు నాకు ఇనొచ్చింది. పార కింద పడ్డది. అన్న చెయ్యి పట్టుకొని కూసున్నడు. అయినా మళ్ల కొట్టిన, అదే చెయ్యి మీద.

"తమ్మీ, సంపుతవా ఏంది!" అనుకుంట వదిన మెట్లెక్కొచ్చి మా ఇద్దరి నడుమ పడ్డది. అప్పుడు రాడ్ ఇడిచిన.

దవాఖానల డాక్టర్ ఎట్లైందని అడిగిండు. అన్న నా దిక్కు చూడకుంట, "బర్రె తన్నింది సార్" అన్నడు.

మొదటి దెబ్బకు నేను ఎవరికన్న జవాబు చెప్పుకోగల్గుత. రెండోదానికి ఇప్పటికీ చెప్పుకోలేను.

తెగిన కాడలను వారం నీడకు ఆరబెట్టి నాటితే మళ్ల బతుకుతయి. నాకు తెలుసు. కాని నాటబుద్ధి కాలే. సంచిల ఏసుకపోయి చాచాకు ఇచ్చిన.

అన్న కుడిచేతి రెండు వేళ్లు మళ్ల ముడుసుకోలే. పాలు పిండుడు నా మీద పడ్డది. మొదటి పొద్దు బర్రె నాకు పాలు చేపలే, బకెట్ తన్ని పారబోసింది. అన్న స్టూల్ మీద కూసొని చూస్తనే ఉన్నడు. రెండు నెలలు రోజూ అదే తీరు. ఒకపొద్దు లేసొచ్చి నా పక్కన వంగిండు.

"బొటనేలు మడవకు, దానికి నొస్తది. గిట్ల పట్టు," అని ఎడమచేత్తోటి చూపించిండు.