కరిన్ నాటకంలో పది నిమిషాల విరామం

మా ముత్తాత నరసింహరాయణింగారు ఉత్తరాంధ్రలో ఒక చిన్న సంస్థానానికి ప్రభువు. తాతగారి హయాంలో కోటలోనే నాటకశాల ఉండేది. ఆయన కూర్చోమనేదాకా నటులు నిలబడే ఉండేవారు. ఆ వంశంలో పుట్టిన నేను, కోవిడ్ తర్వాత థియేటర్లు మళ్ళీ తెరుచుకున్న ఏడాది, అమెరికాలో క్యారీ అనే ఊరి దగ్గర ఒక చిన్న థియేటర్లో స్టేజ్ మేనేజర్‌గా చేరాను. తెర వెనుక ఆజ్ఞ స్టేజ్ మేనేజర్‌దే. లైటు వెలగాలన్నా, నటులు విశ్రాంతి తీసుకోవాలన్నా నేను చెప్పాలి. నేను "టెన్ మినిట్స్" అనగానే, విన్నామనడానికి గుర్తుగా అందరూ "థాంక్యూ, టెన్" అని పక్కకు వెళ్ళాలి. అది అక్కడి వృత్తి మర్యాద.

ఆ ఏడాది స్వీడన్ నుంచి కరిన్ అనే నాటక రచయిత్రి వచ్చింది. వయసు మళ్ళిన మనిషి. తన దేశంలో మూతపడ్డ మిల్లులో, గడ్డకట్టిన సరస్సు మీద నాటకాలు ఆడించింది. ఒకసారి ప్రేక్షకులను గోడవైపు తిప్పి కూర్చోబెట్టిందట. మా దగ్గర పొద్దున రాసింది మధ్యాహ్నానికి చింపేసేది. నేను విరామం ప్రకటించినప్పుడల్లా తల పట్టుకుని, నిశ్శబ్దాన్ని చంపేశానని అరిచేది. నియమం నియమమే అనేవాణ్ణి. చివరికి విసుగెత్తి నా ప్రకటననే నాటకంలో పెట్టింది. ఆఖరి రంగంలో నేను మైకులో విరామం ప్రకటించాలి. నటులు మాత్రం రాళ్ళలా కదలకూడదు. ఒక్కసారైనా సాధన చేయిద్దామన్నాను. సాధన చేస్తే అది చచ్చిపోతుందంది.

మొదటి ప్రదర్శనకు ట్రస్టీలు వచ్చారు. ఈ నాటకం నిలబడితేనే థియేటర్ నడుపుతామని ముందే చెప్పారు. సమయానికి "టెన్ మినిట్స్" అన్నాను. నాయిక పాత్ర వేసిన మాయ, అక్కడే పుట్టిన తెలుగమ్మాయి, "థాంక్యూ, టెన్" అనేసి లోపలికి వచ్చేసింది. మిగతా నటులూ ఆ మాటే అని ఆమె వెంట వచ్చారు. వాళ్ళను చూసి, నిజంగానే విరామమనుకుని, ట్రస్టీలూ, ప్రేక్షకులూ లేచి బయటికి నడిచారు.

"మాయా, ఏమిటిది?"

"ఓ మై గాడ్, అంకుల్! మీ వాయిస్ వింటే నా కాళ్ళు ఆటోమేటిక్‌గా వాక్ చేస్తాయి!"

"కాళ్ళకు తర్వాత చెబుదువుగాని, ముందు స్టేజ్ మీదకి పద."

"ఎవరి కోసం అంకుల్? వాళ్ళు ఆల్రెడీ పార్కింగ్ లాట్‌లో ఉన్నారు."

కరిన్ ఒక్కతే హాల్లో కూర్చుని, ఖాళీ రంగస్థలానికి చప్పట్లు కొడుతోంది. నాటకం ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియకూడదన్నదే తను జీవితమంతా పడ్డ తాపత్రయమట. ముగింపు ఇక మార్చవద్దని నన్ను ఆదేశించింది. ట్రస్టీలు తిరిగి రాలేదు.

నేను నేర్చుకున్నది ఒకటే. ఒళ్ళు విని పాటించే ఆజ్ఞను వేషంగా వాడుకోకూడదు. నటులు పాత్రనైనా మరుస్తారు, ఆజ్ఞను మరువరు.

ఆ వేసవిలో థియేటర్ మూతపడింది. కుర్చీలను ఒక చర్చి కొనుక్కుంది, లైట్లను వేలంలో అమ్మేశారు.