పదకొండు మందికి చాలని వెలుగు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ ఫొటో వదినే. ఇరవై ఆరేళ్లుగా మందుల షాపు పైగదిలో స్టూడియో నడుపుతోంది. యాభై దాటాక మెట్లెక్కి తాళం తీసేసరికే సగం రోజు పని చేసినట్టు ఉసూరుమనిపిస్తోంది. కుడి భుజం పట్టేసి చెయ్యి సరిగా పైకి లేవడం లేదు.

ఒక ఆదివారం పదకొండు మంది ఉన్న కుటుంబం ఫొటోకి వచ్చింది. ముందు వరస కుర్చీల్లో, వెనక వరస నిలబడి. రెండు వరసలూ స్పష్టంగా రావాలంటే లెన్సు కన్నాన్ని బాగా చిన్నది చెయ్యాలి, చేస్తే వెలుగు చాలదు. వదిన దగ్గరున్న రెండు ఫ్లాష్ లైట్లూ చిన్నవి, పైగా పాతవి. వెలుగు మెత్తగా పడాలని వాటి ముందు తగిలించిన తెల్లగుడ్డే సగం వెలుగును మింగేసేది. పూర్తి శక్తితో ఒకసారి వెలిగాయంటే, మళ్లీ వెలగడానికి ఏడెనిమిది సెకన్లు తీసుకునేవి. ఆలోపు ఒకరు దగ్గడం, ఒకరు పక్కకి చూడటం, ఇంకొకరు సరిగ్గా అప్పుడే రెప్ప వాల్చడం. పన్నెండోసారి "ఇంకొక్కటి" అనేసరికి మధ్యలో కూర్చున్న పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"ఇంక నావల్ల కాదమ్మా, నడుము పడిపోతోంది. నేను లేకుండా కానిచ్చేయండి."

ఆయన లేకుండా ఎలా కానిస్తారు, అసలు ఫొటో పెట్టుకున్నదే ఆయన కోసం! "పోనీ, వచ్చే ఆదివారం వస్తాంలెండి" అని ఆయన కూతురు మర్యాదగానే అంది. ఆ మర్యాదే వదిన మనసుకి గుచ్చుకుంది. నాలుగు మాటలు అనేసి పోయినా బాగుండేది.

మంగళవారం స్టూడియోకి సెలవు. లైట్ల షాపుకి వెళ్దామంటే అత్తగారిని ఒంటరిగా వదలడానికి లేదు. ఈమధ్య ఆవిడ స్టవ్ వెలిగించి మరిచిపోతోంది. చేసేది లేక ఆవిడనీ వెంటబెట్టుకుని, కెమెరా, తెల్లగుడ్డ సంచిలో వేసుకుని వదిన బస్సెక్కింది.

షాపాయన ఎకాయెకిన అన్నిటికన్నా పెద్ద లైటు తెచ్చి ముందు పెట్టాడు.

"వెయ్యి వాట్లు మేడమ్! ఇది తీసుకుంటే ఇంక వెలుగు చాలలేదన్న మాటే రాదు."

"నా గది పొడవు పద్దెనిమిది అడుగులండీ. అక్కడ దీంతో ఏం చేసుకోను?" అంటూ వదిన అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టింది. "అత్తయ్యా, కాసేపు ఇలా ఉండండి. మీ మొహం మీద పరీక్ష చేసి చూస్తా."

"ఈ వయసులో నాకు పరీక్షలేంటే? పాసవుతానా?"

పెద్ద లైటుని ఎంత తగ్గించినా ఒక్క మనిషి మొహానికి ఎక్కువే అయింది. ఫొటోలో అత్తగారి ముక్కూ నుదురూ సున్నం కొట్టినట్టు వచ్చాయి. "కళ్లు పోయాయి తల్లీ" అందావిడ. లైటుని స్టాండు మీద ఇంకాస్త ఎత్తబోతే వదిన భుజం కలుక్కుమంది. దాన్ని దించి పక్కన పెట్టేసింది.

తర్వాత రెండొందల వాట్లది. చేతికి తేలిగ్గా ఉంది, ఒక్క మొహానికి చక్కగా సరిపోయింది. పదకొండు మందికైతే ఎంత దూరం పెట్టాలో అంత దూరం జరిపి, గుడ్డ తగిలించి, లెన్సు కన్నం చిన్నది చేసి వరసగా పది తీసింది. లైటు అంత త్వరగా మళ్లీ పుంజుకోలేక, పదోదానికి అత్తగారి మొహం చీకట్లో కలిసిపోయింది.

"మా స్టూడియోలో ఉన్నవాటికి ఇది చెల్లెలు" అని వెనక్కిచ్చేసింది.

నాలుగొందల వాట్లదాన్ని అదే చోట పెట్టింది. సగానికి పైన కాస్త పెంచితే సరిపోయింది. నొక్కిన క్షణంలోనే మళ్లీ సిద్ధం. చెరో పక్కా ఒకటి పెడితే వెనక వరసకి కూడా వెలుగు అందుతుంది. ఆగకుండా ఇరవై తీసింది. తీసినవన్నీ ఒక్కొక్కటే చూసుకుంది. వెలుగు అన్నిట్లోనూ ఒక్కలాగే ఉంది. మారిందల్లా అత్తగారే. మొదటి ఫొటోలో జుట్టు సర్దుకుంటోంది, పదోదానికి భుజాలు వాలాయి, పదహారో ఫొటోలో తల గుండెల మీదికి జారింది. లోపలికి పోయిన బుగ్గలు, పలచబడ్డ కనురెప్పలు. రోజూ అన్నం వడ్డించే మనిషే, ఇంతగా ఎప్పుడు వాడిపోయిందో వదిన గమనించనేలేదు. ఊళ్లోవాళ్లందరి మొహాలూ తీసింది కానీ, ఈ మొహం వంక ఇంత నింపాదిగా ఎప్పుడూ చూడలేదు.

"అలిసిపోయారా అత్తయ్యా?"

అత్తగారు కళ్లు తెరిచింది. "నువ్వు అలిసిపోలేదా?"

"అలిసిపోయాను."

"మరింకేం, అవి కట్టించుకుని పద."

ఆ ఆదివారం పదకొండు మందీ మళ్లీ వచ్చారు. నాలుగో క్లిక్కుకే పనైపోయింది. పెద్దాయన నమ్మలేదు.

"అప్పుడే అయిపోయిందా? మరి పోయినసారి అంతసేపు ఎందుకు కూర్చోబెట్టావమ్మా?"

"లైట్లు చాలలేదు బాబాయిగారూ."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా! నేను కదలడం వల్లే పాడైందనుకుని వారమంతా మథనపడ్డాను."

వాళ్లు దిగిపోయాక వదిన ఆయన లేచిన కుర్చీలోనే కూలబడింది. కదలకండి, రెప్ప వాల్చకండి అంటూ ఎన్నేళ్లుగా ఎంతమందిని విసుక్కుందో! చంటిపిల్లల తల్లుల్ని కూడా వదల్లేదు. పాపం, వాళ్లంతా తప్పు తమదే అనుకుని వెళ్లి ఉంటారు.

"వదినా, పాస్‌పోర్టు ఫొటో కావాలి, ఖాళీయేనా?" అని కింద మెట్ల దగ్గర్నుంచి ఎవరో కేకేశారు.

"పైకి రండి, రెండు నిమిషాల్లో పంపించేస్తా" అంది వదిన. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.