సాక్షి దిబ్బ నెత్తిన గడ్డి

పోయినవి ముందు రాస్తాను. కొర్ర విత్తనం పదకొండు తూములు. సద్ద విత్తనం నాలుగు తూములు. మేకలు ఇరవై మూడు. వెండి కడియాలు ఆరు జతలు. కోళ్లు ఎన్నో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. నలభై అని వేసుకున్నాను. వీటన్నిటికన్నా పెద్దది, ఒక విత్తే అదను. అది తూములకు రాదు.

1934 ఏప్రిల్‌లో నన్ను పత్తికొండ తాలూకాలో ఒక చెరువు కట్ట పనికి కొలత మేస్త్రీగా వేశారు. నా పైన ఓవర్సీరు, నా కింద రెండు వందల పది మంది కూలీలు. నేను బడిలో చదివింది మూడో తరగతి. ఘనపుటడుగుల లెక్క పాత కొలత పుస్తకాలు తిరగేసి సొంతంగా నేర్చుకున్నాను.

కట్టకు మన్ను తీసే గుంత పది అడుగుల చదరం. ఎంత లోతు తవ్వారో తెలియడానికి గుంత నడుమ కాస్త నేలను తవ్వకుండా వదిలేస్తారు. దాన్ని సాక్షి దిబ్బ అనేవాళ్లం. దిబ్బ ఎత్తే గుంత లోతు, దాన్ని బట్టే కూలి. అందుకని కొందరు దిబ్బ నెత్తిన నాలుగు వేళ్ల మన్ను పోసి, నీళ్లు చల్లి, తట్టి గట్టిచేసేవారు. మేస్త్రీ కొలబద్ద పెట్టేముందు ఆ నెత్తిన గోకి, గడ్డి వేళ్లున్నాయా అని చూడాలి. ఉంటే అది పుట్టుకతో ఉన్న నేల. లేకుంటే మనిషి పోసిన మన్ను. తరువాత పుస్తకంలో ప్రతి వరుస కింద ‘సరి’ అని రాసి సంతకం చేయాలి.

కూలీల్లో సగం మంది మా సంఘపు క్రైస్తవులే. జూన్ మొదట్లో ఒక బోధకుడు ఒంటెద్దు బండిలో వచ్చి కట్ట పక్కన గుడారం వేశాడు. మంచి గొంతు. ప్రభువు రాకడ జూలై మూడో గురువారమని చెప్పాడు. ఇక విత్తనమెందుకు, మేకలెందుకు, అన్నీ ప్రభువు పనికి అప్పగించి కనిపెట్టండి అన్నాడు. మా సంఘాల్లో కనిపెట్టడమంటే ప్రార్థనలో ఎదురుచూడడం.

ఆయన తన లెక్కను కాగితం మీద వేసి నాకు చూపాడు. ఒక మొదటి అంకె, దాని కింద కూడికలు, తీసివేతలు, మొత్తం పదిహేడు వరుసలు. రెండుసార్లు సరిచూశాను. ఒక్క తప్పు లేదు. అంకెలు తమంతట తామే ఆ గురువారం దాకా నడిచివచ్చి నిలబడినట్టు తోచి ఒళ్లు గగుర్పొడిచింది. చేతి అలవాటు కొద్దీ కింద ‘సరి’ అని రాసి సంతకం పెట్టాను. ఆయన ఆ కాగితాన్ని ఆరు పల్లెల్లో చూపాడు. ఆ పల్లెలవాళ్లకు కూలి తెచ్చిపెట్టే సంతకం అది. ఎవరూ మారుమాట అడగలేదు.

ఉన్నదంతా తెచ్చి ఆయనకు అప్పగించారు. ఇవ్వనిది ఒక్క రాహేలమ్మే. మా కూలీల్లో అరవై దాటిన మనిషి, చదువు రాదు. ఒకనాడు ఆమె గుంత కొలుస్తుంటే అంది:

“ఏమప్పా మేస్త్రీ, నా దిబ్బ నెత్తిన శానాసేపు గోకుతాండావే. నన్ను నమ్మవా?”

“పోయిన నెల మన్ను పోసింది నువ్వే గదమ్మా” అన్నాను.

పక్క గుంతలవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

“పోసినా. అందుకే తెలుసు. నెత్తిన దొంగమన్ను ఉంటే, నువ్వు ఎంత బాగా కొలిచినా కొలత తప్పే. ఆయప్ప లెక్కలో మొదటి అంకె ఉండాది సూడు, దాని నెత్తిన గడ్డి ఉండాదా? గోకి సూసినావా?”

చూడలేదు. పదిహేడు వరుసలూ చూశాను గాని మొదటి అంకె ఎక్కడిదని అడగలేదు. మాట మార్చడానికి, రాకడ మీద అనుమానమా అన్నాను.

“ఆయన వస్తాడప్పా, అనుమానం ల్యా. ఎప్పుడని చెప్పేటోని మీదనే అనుమానం. కనిపెట్టమన్నాడు గదా, కనిపెడతాండా.”

ఆ మాటకు మోసాన్ని పట్టుకోవడమనే అర్థం కూడా ఉందని, నలభై ఏళ్లుగా తెలుగు మాట్లాడుతున్న నాకు అప్పటిదాకా తోచలేదు.

ఆ సాయంత్రం గుడారానికి పోయి, లెక్కను మళ్లీ పలక మీద వేసి చూపమన్నాను. తడుముకోకుండా వేశాడు. మొదటి అంకె వేరు, ఎనభై నాలుగు తక్కువ. వరుసలు ఈసారి పందొమ్మిది. చివర మాత్రం అదే గురువారం. కాగితం తిరిగి ఇవ్వమన్నాను. సంతకం పెట్టింది మీరే కదా మేస్త్రీగారూ అని చిరునవ్వు నవ్వాడు.

మరునాడు హాజరు వేళ కూలీలకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. “నిన్న సరి, ఈ పొద్దు తప్పా? దుడ్లు ఎవరిచ్చినారప్పా నీకు?” అని ఒకతను అన్నాడు. నా నోటిమాట కన్నా నా సంతకమే గట్టిదైంది.

ఇంకో పల్లెవాళ్లను పిలుచుకొస్తానని బోధకుడు ఆ గురువారానికి ముందు మంగళవారం డోన్ వైపు బండి కట్టాడు. అప్పటికే మేకలూ, మూటలూ ముందు పోయాయి. గురువారం పొద్దున్నే జనం ఉతికిన బట్టలతో కట్ట మీద కూర్చున్నారు. లెక్కపెట్టాను, రెండు వందల ఎనభై నాలుగు మంది. పాటలు పాడారు. మధ్యాహ్నానికి దక్షిణాన మబ్బు లేచి వాన దిగింది. కట్ట కింద అరెకరం చేనిలో రాహేలమ్మ నెత్తిన గోనె కప్పుకొని విత్తనం చల్లుతోంది.

“ఏమవ్వా, ప్రభువు వచ్చే పొద్దు విత్తుతాండావా?” అని పైనుంచి ఒకతను కేకేశాడు.

“వస్తే రానీప్పా. చేతిలో పని ఉండంగానే సూస్తాడు.”

పైన అంతమంది మొహాలు ఆకాశం వైపు, కింద ఒక్క మొహం నేల వైపు, అందరి మీదా ఒకే వాన. పాట ఆగలేదు, ఆమె చెయ్యీ ఆగలేదు. దేవుడు ఆ చేనిలో నడుస్తున్నాడని ఎవరైనా చెబితే ఆ గడియలో నేను కొలబద్ద తీసేవాణ్ని కాను. తలగుడ్డ తీసి చేత పట్టుకొని నిలబడిపోయాను. నాలుగు రోజులు కురిసింది. కట్ట మీదివాళ్లకు విత్తడానికి గింజ లేదు.

ఇదంతా జరిగి పన్నెండేళ్లు దాటింది. పోయిన ఏడాది మోకాళ్లు సహకరించక పని మానుకున్నాను. ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది ఇది: లెక్క తప్పు లేకపోయినంత మాత్రాన అది నిజం కాదు. మొదటి అంకెను అడగడం అవిశ్వాసం కాదు; ప్రభువును నిజంగా నమ్మినవాడికే అడిగే ధైర్యం ఉంటుంది.

ఆ కాగితం నాకు మళ్లీ దొరకలేదు, కొట్టివేయడానికి వీలు లేదు. అందుకని పోగొట్టుకున్నవాళ్ల ఇంటింటికీ పోయి, నేను సరి అని రాసింది తప్పని చెప్పి వస్తున్నాను. మొత్తం డెబ్బై ఒక్క గడపలు. అరవై నాలుగు అయ్యాయి. మిగతావాళ్లు ఆ సంవత్సరమే కూలికి వలసపోయి తిరిగి రాలేదు, ఎక్కడున్నదీ విచారిస్తున్నాను. ఈ 1947 మార్చి నాటికి బాకీ ఏడు గడపలు.