వదిన నోట్లో నీళ్ళు

మా వదిన పోయింది. దీపాల వేళ, నోట్లో నీళ్ళుండగానే పోయింది. దినాలు కూడా అయిపోయాయి. నాకొచ్చిన అక్షరాలు తక్కువ. అయినా ఆవిడ గురించి ఇంకొకడు రాస్తే నాకు పడదు. అందుకే నేనే రాస్తున్నాను.

తల్లి లేని నన్ను పెంచింది ఆవిడే. ఉద్దానంలో అంత నోరున్న మనిషి లేదు. ఆవిడ గొంతు వింటే దొంగ కొబ్బరికాయ వదిలేసి పరిగెత్తేవాడు. అలాంటిది రోజూ పొద్దుగూకేసరికి గుమ్మంలో కూర్చుని, చెంబెత్తి నోటినిండా నీళ్ళు పట్టేది. ఇంట్లో దీపం వెలిగేదాకా మింగదు, ఉమ్మదు.

"ఏటొదినా, నోట్లో సెరువు తవ్వించినావా?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

దీపం వెలిగాక ఉమ్మి వచ్చి అనేది: "నవ్వు నాయినా, నవ్వు. మాటకి ఎల్లే దారే తెలుసు. మల్లొచ్చే దారి తెలీదు."

ఆవిడకి ఒక్కడే కొడుకు. బారువ రేవులో ఓడెక్కి బర్మా దేశంలోని రంగం పోతానని మూట కట్టాడు. దీపాల వేళ తథాస్తు దేవతలు తిరుగుతారని మా వైపు పసిపిల్లలకీ తెలుసు. కోపంలో వదినకి గుర్తు లేకపోయింది.

"ఎల్లు! ఆ సముద్రమే నిన్ను మింగేత్తాది. నా గడప మల్లా తొక్కవు!"

వాడు నవ్వుకుంటూ వెళ్ళాడు. ఓడ క్షేమంగా రంగం చేరింది. వాడితో ఓడెక్కిన ఊరివాళ్ళంతా దిగారు. వాడు దిగలేదు. ఓడ మునిగుంటే గాలిని తిట్టుకునేది. ఓడకేమీ కాలేదు. అదే ఆవిణ్ణి తినేసింది. ఆ కబురు వచ్చిన రోజునుంచే చెంబు పట్టింది.

చివరిరోజు మంచంమీద కూడా నీళ్ళు అడిగి పట్టింది. "మింగీ అక్కా" అని నా ఆడది బతిమాలింది. మింగలేదు. నా వెనక నిలబడ్డ నా చిన్నకొడుకుని చూసింది, నన్ను చూసింది, దీపం వైపు చెయ్యి చూపింది. వాడూ రంగం పోతానని నాతో గొడవ పడుతున్నాడని ఆవిడకి తెలుసు. దీపం వెలిగించి తెచ్చేసరికి నీళ్ళు పెదవి చివరనుంచి దిండుమీదికి కారుతున్నాయి. ఆ చెప్పాల్సిన మాట ఏమిటో చెప్పకుండానే పోయింది.

నిన్న పొద్దుగూకుతుండగా నా చిన్నకొడుకు మూటతో గుమ్మంలోకి వచ్చాడు.

"అయ్యా, ఎల్తన్నాను."

ఎల్లొత్తాను అనలేదు. నా నోటిదాకా ఏ మాట వచ్చిందో నాకు తెలుసు. ఇంట్లో ఇంకా దీపం పెట్టలేదు. వదిన చెంబు అక్కడే ఉంది. ఎత్తి నోటినిండా పట్టాను.

"మాటాడవేటయ్యా? ఒక్క మాటనీ."

మూట భుజానికెత్తుకున్నాడు.

లోపల దీపం వెలిగేసరికి వాడు కొబ్బరితోట దాటిపోయాడు. నా నోట్లో నీళ్ళు అలాగే ఉన్నాయి.