సుక్రి అక్క నడుముకు ఎర్ర తువ్వాలు

పొద్దున్నే మాత్రల రేకు చిట్లే చప్పుడుకు నాకు సుక్రి అక్క గుర్తొస్తుంది. నా ఊపిరితిత్తుల జబ్బుకు డాక్టరు రాసిన మాత్ర అది. దానితో ఆయాసం తగ్గింది, ఒళ్లు పెరిగింది. చొక్కాలన్నీ బిగుతయ్యాయి. నిన్న టీ దుకాణం దగ్గర పాత మిత్రుడొకడు, “ఏటి గురూ, రిటైర్మెంటు బాగా వంటబట్టినట్టుంది!” అన్నాడు. నవ్వి, టీ తాగి వచ్చేశాను. మాత్ర మాత్రం మానలేదు. ఆ నిబ్బరం నాకు అరకులో అబ్బింది.

పత్రిక నన్ను అక్కడికి విలేకరిగా పంపినప్పుడు సుక్రి అక్క ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. కాఫీ, రాజ్‌మా పండించే కుటుంబం వాళ్లది. థింసా ఆటలో వరస నడుమ నిలిచి అడుగు చెప్పేది ఆమే. ఆడవాళ్లు ఒకరి వీపు వెనకగా ఒకరు చేతులు పెనవేసుకుని ఆడే ఆట అది. అడుగు చెప్పే మనిషి తప్పితే వరసంతా తూలుతుంది. ఆమె అడుగు తప్పగా నేను చూడలేదు.

ఒక వానాకాలం ఆమెకు నిద్ర కరువైంది. ఎవరో పిలుస్తున్నారంటూ కాఫీ తోటల్లో తిరిగేది. విశాఖలో డాక్టరుకు చూపించాక, మాత్రలతో నిద్ర వచ్చింది, మాట కుదుటపడింది. బాగైపోయిందనుకుని దసరాకు మానేసింది. ఘాట్ రోడ్డు మలుపులో చెప్పులు లేకుండా నడుస్తుంటే బస్సు డ్రైవరు గుర్తుపట్టి తీసుకొచ్చాడు. మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు. ఈసారి మనిషి బాగా లావైంది.

చైత్ర పండుగ దగ్గరపడి ఆట సాధన చేస్తుంటే, ఆమెకు అటూ ఇటూ నిలిచినవాళ్ల చేతులు వీపు వెనక కలుసుకోలేదు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని మాత్ర వంకే చూస్తోంది.

పక్కన ఆడే సోంబారి ప్రేమగానే అంది: “పండగ దాకా మానీయే అక్కా. ఒళ్లు తగ్గితే సాలు.”

“మానేస్తే ఘాట్ రోడ్డు మీద ఎతుక్కుంటారేటి మళ్లీ?” అని, నా వైపు తిరిగింది. “మీరేటంటారు బాబూ?”

“డాక్టరునే అడుగుదాం” అన్నాను.

వెళ్లాం. మందు నెమ్మదిగా మార్చవచ్చని, తనంతట తాను మానకూడదని ఆయన చెప్పాడు. తిరుగు బస్సులో ఆమె కిటికీలోంచి చూస్తూ అంది: “లావయ్యావేటని అందరూ అడుగుతారు బాబూ. నిద్ర పడతందా అని ఒక్కలూ అడగరు.”

పండగనాడు మాత్ర వేసుకునే వచ్చింది. “మీరు ఆడండే, నాను సూత్తాను” అని గట్టు మీద కూర్చుంది. డప్పు మొదలైంది. వరస రెండడుగులేసి తడబడింది. సోంబారి విసవిసా వెళ్లి, మొగుడి మెడలోని ఎర్ర తువ్వాలు లాగి, సుక్రి అక్క నడుముకు కట్టింది.

“సేతులు కలవకపోతే దీన్ని పట్టుకుంటాం. లెగు బేగి! నువ్వు లేకపోతే అడుగెవులు సెప్తారు?”

“ఊడిపోతేనో?”

“నీ నడుం మీంచి ఊడడానికి దానికి తోవేదే?”

ఈసారి నవ్వు వేరేగా ఉంది. ఆమె లేచింది. ఆ రోజు వరస ఎక్కడా తూలలేదు.

మందు మారాక ఒళ్లు కొంత తగ్గింది, అంతా తగ్గలేదు. మొన్న చైత్రానికి వెళ్తే, వరసలో ఆడపిల్లలందరి నడుములకూ ఎర్ర తువ్వాళ్లే. ఎందుకని ఒకమ్మాయిని అడిగాను. “మా ఊరి థింసా ఇలాగే ఉంటాది సార్” అంది. మోకాళ్ల నొప్పులతో గట్టు మీద కూర్చుని కాలితో తాళం వేస్తున్న సుక్రి అక్క ఆ మాట విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత నా పొట్ట వైపు చూసింది. దాని ఊసు ఎత్తలేదు.

“నిద్ర పడతందా బాబూ?”

“పడుతోందక్కా.”

ఒళ్లు చేసిన మనిషి ఎవరు ఎదురైనా ఇప్పుడు నా నోట ముందు వచ్చేది ఆ ప్రశ్నే. కొందరు వింతగా చూసి వెళ్లిపోతారు. కొందరు పక్కన కూర్చుని, నెమ్మదిగా చెప్పడం మొదలుపెడతారు.